బుట్టలో బంతి వేయించిన డ్రిల్లు మాస్టారు – డాక్టర్ జేమ్స్ నైస్మిత్

కాలేజీలో చేరిన వారం రోజుల్లో క్యాంటీన్ ఎక్కడుందో అందరికీ తెలుస్తుంది. లైబ్రరీ ఎక్కడుందో పరీక్షలనాటికి తెలుస్తుంది. గ్రౌండు అయితే గేటులోంచి వస్తూనే కనిపిస్తుంది. కాని ఆ గ్రౌండు తనది కూడా అనుకునే విద్యార్థులు ఎందరు? టీములో పేరున్న పదిపన్నెండుమంది ఆడతారు. మిగతా వందలమందిమి గట్టుమీద కూర్చుని చప్పట్లు కొడతాం. షీల్డు వస్తే ఊరేగిస్తాం, రాకపోతే పి.డి. గారిని తప్పుపడతాం. వ్యాయామవిద్య అంటే ఇంతేనా అన్న ప్రశ్న మాత్రం వేసుకోం.

ఆ ప్రశ్నకు తన జీవితంతోనే జవాబు చెప్పిన ఉపాధ్యాయుడు ఒకాయన ఉన్నారు. ఆయన కనిపెట్టిన ఆట ఈనాడు ప్రపంచంలో ఆడని దేశం లేదు. అయినా ఆయన ఆ ఆటను కనిపెట్టింది ఛాంపియన్ల కోసం కాదు, వ్యాయామం క్లాసంటే విసుగెత్తిపోయిన పద్ధెనిమిదిమంది విద్యార్థుల కోసం. ఆయనే బాస్కెట్‌బాల్ సృష్టికర్త డాక్టర్ జేమ్స్ నైస్మిత్.

1861 నవంబరు 6వ తేదీన కెనడాలోని ఆంటారియో రాష్ట్రంలో ఆల్మాంట్ అనే చిన్న ఊరి దగ్గర జేమ్స్ పుట్టాడు. తల్లిదండ్రులు స్కాట్లండు మూలాలవారు. పిల్లవాడికి తొమ్మిదేళ్ళు వచ్చేసరికి, 1870లో, టైఫాయిడ్ జ్వరం తల్లినీ తండ్రినీ కూడా తీసుకుపోయింది. తర్వాత అమ్మమ్మ దగ్గర, ఆమె పోయాక మేనమామ పీటర్ దగ్గర పెరిగాడు. మేనమామ మంచివాడే గాని మహా కచ్చితమైన మనిషి. పొలంపని, గుర్రాలపని అన్నీ చేయించేవాడు. పని అయ్యాక పిల్లలంతా చేరి ఒక రాళ్ళాట ఆడేవారు. పెద్ద బండమీద చిన్న రాయి ఒకటి పెడతారు, దానికి ఒకడు కాపలా. మిగతావాళ్ళు దూరంనుంచి రాయి విసిరి దాన్ని పడగొట్టాలి. బలంకొద్దీ సూటిగా విసిరితే గురి తప్పినప్పుడు రాయి ఎక్కడికో పోతుంది, దాన్ని తెచ్చుకునేలోగా కాపలావాడు పట్టేస్తాడు. పైకెత్తి మెల్లగా వేస్తే గురీ కుదురుతుంది, రాయీ దగ్గరే పడుతుంది. ఈ చిన్న సంగతి జేమ్స్ మనస్సులో ఇరవై ఏళ్ళపాటు నిద్రపోయింది.

పదిహేనేళ్ళ వయస్సులో హైస్కూలు మానేసి కలప కొట్టే కూలీల్లో కలిసిపోయాడు. అలా అయిదేళ్ళు గడిచాయి. తర్వాత తనంత తానే తిరిగివచ్చి, తనకన్నా చిన్నపిల్లల పక్కన బెంచీమీద కూర్చుని స్కూలు చదువు పూర్తిచేశాడు. 1883లో మాంట్రియల్ నగరంలోని మెక్‌గిల్ యూనివర్సిటీలో చేరాడు. మత బోధకుడు కావాలని కోరిక.

పోయిన ఏళ్ళను పూడ్చుకోవాలనే ఆత్రంతో మొదట్లో గదిలోంచి కదలకుండా పుస్తకాలతోనే కాలం గడిపేవాడు. పై తరగతి విద్యార్థులిద్దరు ఒకరోజు గదికి వచ్చి, ఇలాగే చదివితే చదువు పూర్తయ్యేనాటికి ఒళ్ళు మిగలదని మందలించారట. ఆ మందలింపు పనిచేసింది. జిమ్నాసియంకు వెళ్ళడం మొదలుపెట్టాడు. రగ్బీ, ఫుట్‌బాల్, లక్రాస్, జిమ్నాస్టిక్స్ – అన్నింటిలోనూ పేరు తెచ్చుకున్నాడు. పట్టా అందుకున్నాక అక్కడే వ్యాయామ బోధకుడుగా పనిచేస్తూ 1890లో మత విద్య కూడా పూర్తి చేశాడు.

ఈ రెండు దారుల్లో ఏది పట్టాలో తేల్చింది ఒక చిన్న సంఘటన. ఫుట్‌బాల్ ఆటలో పక్కనున్న ఆటగాడు కోపం వచ్చి గట్టిగా తిట్టాడు. మరుక్షణమే జేమ్స్ పక్కనే ఉన్నాడని చూసి సిగ్గుపడి క్షమించమన్నాడు. జేమ్స్ ఏనాడూ ఎవరికీ నీతులు చెప్పినవాడు కాదు. అతను ఆడే తీరు చూసే తోటివాడికి ఆ సిగ్గు కలిగింది. మనిషిని దిద్దడానికి చర్చి వేదిక ఒకటే చోటు కాదు, ఆటస్థలం కూడా అలాంటిదే అని అప్పుడు తోచింది. చర్చికి వెళ్ళవలసినవాడు ఆటల్లో పడ్డాడని అయినవాళ్ళు నొచ్చుకున్నారు. అయినా తాననుకున్నదే చేశాడు. 1890లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, స్ప్రింగ్‌ఫీల్డులో ఉన్న వై.ఎం.సి.ఎ. శిక్షణ కళాశాలకు బయలుదేరాడు.

అక్కడ వ్యాయామ విభాగానికి పెద్ద లూథర్ గులిక్. కాలం 1891 చలికాలం. బయట మంచు, ఫుట్‌బాల్ ఆడే వీలు లేదు. లోపల ఆ రోజుల్లో వ్యాయామం అంటే స్వీడిష్ పద్ధతి, జర్మన్ పద్ధతి కసరత్తులే. మాస్టారు అంకెలు చెప్తూంటే చేతులు ఎత్తడం, దించడం, వరసలో నడవడం. వై.ఎం.సి.ఎ. కార్యదర్శులుగా తర్ఫీదు పొందుతున్న ఆ పద్ధెనిమిదిమందీ పెద్దవాళ్ళు, మీసాలవాళ్ళు. వాళ్ళకు ఆ కవాతు ఒంటబట్టలేదు. ఇద్దరు బోధకులు ఆ క్లాసును లొంగదీయలేక చేతులెత్తేశారు. గులిక్ ఆ క్లాసును నైస్మిత్ గారికి అప్పగించి, లోపల ఆడుకోదగిన కొత్త ఆట ఒకటి తయారు చేయమని పద్నాలుగు రోజులు గడువిచ్చారు.

మనమైతే ఏం చేసేవాళ్ళమో! క్రమశిక్షణ లేదని కుర్రాళ్ళమీద రిపోర్టు రాసి ఊరుకునేవాళ్ళం. నైస్మిత్ గారు తప్పు కుర్రాళ్ళది కాదనుకున్నారు. పాఠంలో రసం లేదు కాబట్టే వాళ్ళకు పట్టలేదనుకున్నారు. ఉన్న ఆటల్నే లోపలికి తెచ్చి చూశారు. రగ్బీ ఫుట్‌బాల్ ఆడిస్తే చెక్కనేలమీద పడి ఎముకలు విరిగేటట్టుంది. సాకర్ ఆడిస్తే కిటికీ అద్దాలకు ముప్పు. లక్రాస్ ఆడిస్తే కర్రలు మొహాలకు తగిలాయి. గడువు దాదాపు అయిపోయింది.

అప్పుడు ఒంటరిగా కూర్చుని ఒక్కొక్క మెట్టే ఆలోచించారు. ఫుట్‌బాల్‌లో దెబ్బలు ఎందుకు? మనిషిని పడగొడతారు గనక. ఎందుకు పడగొడతారు? బంతి పట్టుకుని పరుగెత్తుతాడు గనక. అయితే బంతి చేతిలో ఉన్నవాడు పరుగెత్తకూడదంటే సరి, పడగొట్టే పనే లేదు. మరి గోలు? అది నేలమీద నిలువుగా ఉంటే బలంకొద్దీ బంతిని బాదుతారు. అదే తలకన్నా ఎత్తులో, పైకి తెరిచిన మూతితో ఉంటే బలం పనికిరాదు, బంతిని ఒడుపుగా పైకెత్తి వేయాలి. ఆల్మాంట్ బండమీది రాళ్ళాట ఇక్కడ నిద్రలేచింది. కండబలం స్థానంలో గురి, నేర్పు వచ్చి కూర్చున్నాయి.

1891 డిసెంబరు 21వ తేదీ ఉదయం బిల్డింగు చూసుకునే ఉద్యోగిని రెండు చదరపు పెట్టెలు ఉన్నాయేమో అని అడిగారు. పెట్టెలు లేవుగాని పీచ్ పళ్ళ బుట్టలు రెండున్నాయన్నాడు. వాటినే జిమ్నాసియం బాల్కనీకి చెరో చివర మేకులతో కొట్టారు. ఆ బాల్కనీ ఎత్తు పది అడుగులు. ఈనాటికీ బాస్కెట్‌బాల్ రింగు ఎత్తు పది అడుగులే! పదమూడు నియమాలు టైపు చేయించి బోర్డుకు అంటించారు. సాకర్ బంతి, పక్షానికి తొమ్మిదిమంది. మొదటి ఆటలో పడింది ఒకే ఒక్క గోలు. బంతి బుట్టలో పడినప్పుడల్లా నిచ్చెన వేసి తీసుకునే రోజులవి.

ఆ పదమూడు నియమాల్లో ఆటతోపాటు నడవడి పాఠం కూడా ఉంది. భుజంతో నెట్టకూడదు, పట్టుకోకూడదు, కొట్టకూడదు. రెండోసారి తప్పుచేసినవాడు తర్వాతి గోలు పడేదాకా బయట కూర్చోవాలి. ఆటంటే ప్రాణంగా ఉన్నవాడికి అంతకు మించిన శిక్ష ఏముంటుంది! ఏ మాస్టారూ అదుపు చేయలేని క్లాసు ఆ రోజునుంచి ఆట ఆపమంటే ఆపని క్లాసు అయింది. దీనికి నైస్మిత్ పేరు పెడదామని ఒక విద్యార్థి అడిగితే, అలాంటి పేరు పెడితే ఆట బతకదని ఆయన నవ్వేశారు. బుట్టా బంతీ ఉన్నాయి గనక బాస్కెట్‌బాల్ అందామని ఆ విద్యార్థే అన్నాడు.

1892 జనవరిలో నియమాలు కళాశాల పత్రికలో అచ్చయ్యాయి. విద్యార్థులు ఎక్కడెక్కడికి వెళితే అక్కడికల్లా ఆటను వెంట తీసుకుపోయారు. దగ్గరి స్కూలు టీచరమ్మలు వచ్చి చూసి, తామూ ఆడతామన్నారు. ఆడవాళ్ళు పరుగెత్తడమే తప్పనుకునే ఆ రోజుల్లో నైస్మిత్ గారు సరేనన్నారు. అలా ఆడిన మొదటి స్త్రీలలో ఒకరైన మాడ్ షెర్మన్‌నే 1894లో పెళ్ళి చేసుకున్నారు.

ఆటవల్ల ఆయన డబ్బు చేసుకోలేదు. 1895లో డెన్వర్ నగరానికి వెళ్ళి, వ్యాయామం నేర్పుతూనే వైద్యం చదివి 1898లో డాక్టరయ్యారు. అదే ఏడాది కాన్సాస్ యూనివర్సిటీలో చేరారు. ప్రార్థనలు నడపడం, విద్యార్థులకు వ్యాయామం నేర్పడం – రెండు ఉద్యోగాలూ ఒకరివే. అక్కడే దాదాపు నలభై ఏళ్ళు, 1937లో రిటైరయ్యేదాకా పనిచేశారు.

ఇక్కడ ఒక విచిత్రం చెప్పాలి. కాన్సాస్ జట్టుకు మొదటి కోచ్ నైస్మిత్ గారే. ఆయన హయాంలో ఆ జట్టు గెలిచినవి 55 ఆటలు, ఓడినవి 60. ఆ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ కోచ్‌లందరిలో గెలుపులకన్నా ఓటములు ఎక్కువ ఉన్నది ఆయనకొక్కరికే – ఆట కనిపెట్టినాయనకే! ఆయన శిష్యుడు ఫాగ్ ఆలెన్ కోచ్ ఉద్యోగానికి వెళ్తానంటే, ఇది ఆడే ఆట గాని కోచింగ్ ఇచ్చే ఆట కాదని ఆశ్చర్యపోయారట. ఆలెన్ తర్వాత అదే కాన్సాస్‌లో కోచ్‌గా అయిదువందలకు పైగా ఆటలు గెలిపించాడు. గురువు చింతపడలేదు. స్కోరుబోర్డు మీదకన్నా క్లాసులో నిలబడిన కుర్రాడి ఛాతీ, ఊపిరి, నడక మీదే ఆయనకు శ్రద్ధ. జట్టులో చోటు దొరకనివాడికి కత్తిసాము నేర్పేవారు.

చోటు దొరకనివాళ్ళలో కొందరికి అడ్డం వచ్చింది ఒంటి రంగు. 1933లో జాన్ మెక్లెండన్ అనే నల్లజాతి యువకుడు వ్యాయామవిద్య చదవడానికి కాన్సాస్ వచ్చాడు. నల్లవాళ్ళను జట్టులోకి రానివ్వని కాలం. ఈత కొలనులో దిగితే, ఉన్న నీళ్ళన్నీ వదిలేశారు. డెబ్బై ఏళ్ళు దాటిన నైస్మిత్ గారు అతని పక్షాన నిలబడ్డారు. కొలను చివరికి అందరికీ తెరుచుకుంది. జట్టు తలుపు మాత్రం ఆయనా తెరిపించలేకపోయారు. కాని తనకు తెలిసిన విద్యంతా ఆ శిష్యుడికి చెప్పారు. మెక్లెండన్ తర్వాత టెన్నెసీలో కోచ్‌గా 1957, 1958, 1959 – వరసగా మూడేళ్ళు తన జట్టుకు జాతీయ ఛాంపియన్‌షిప్ సాధించాడు.

1936లో బెర్లిన్ ఒలింపిక్స్‌లో బాస్కెట్‌బాల్‌కు మొదటిసారి చోటు దొరికింది. చూసి రావడానికి నైస్మిత్ గారి దగ్గర డబ్బు లేదు. అమెరికాలోని కోచ్‌లు, ఆటగాళ్ళు చందాలు వేసి పంపించారు. ఫైనల్ రోజున వాన, మట్టి కోర్టంతా బురద. అమెరికా 19, కెనడా 8. పుట్టిన దేశానికీ, పౌరసత్వం తీసుకున్న దేశానికీ జరిగిన ఆ ఆటలో పతకాలు అందించినది ఆయన చేతులే.

1939 నవంబరు 28న ఆయన కన్నుమూశారు. బోర్డుకు అంటించిన ఆ పదమూడు నియమాల కాగితాలు 2010లో వేలంలో 43 లక్షల డాలర్లు పలికాయి. ఒలింపిక్స్‌కు టిక్కెట్టు కొనుక్కోలేనాయన చేతి కాగితాలు!

స్ప్రింగ్‌ఫీల్డులో వెలిగిన ఆ వై.ఎం.సి.ఎ. దీపమే మన దాకా వచ్చింది. 1920లో హారీ క్రో బక్ మద్రాసులో వై.ఎం.సి.ఎ. శారీరక విద్యా కళాశాల స్థాపించారు. ఆంధ్ర జిల్లాలు ఆనాడు మద్రాసు రాష్ట్రంలోనివే. మన పెద్దలకు ఆటలు నేర్పిన డ్రిల్లు మాస్టార్లు ఎందరో అక్కడ తయారైనవారే.

మిత్రులారా, ఈసారి సాయంకాలం గ్రౌండు గట్టుమీద కూర్చున్నప్పుడు ఆ పద్ధెనిమిదిమందినీ గుర్తు తెచ్చుకోండి. వాళ్ళు వీరులు కారు, ఎంపికైన ఆటగాళ్ళూ కారు. వ్యాయామం పీరియడంటే మొహం చిట్లించిన మనలాంటి విద్యార్థులే. అధ్యాపకులకు కూడా ఒక మనవి. షీల్డులు తెచ్చే పన్నెండుమందిని తయారు చేయండి, సంతోషమే. కాని జట్టులో పేరులేని కుర్రాడికీ, అమ్మాయికీ కూడా రోజుకు ఒక గంట ఒళ్ళు వంచి, చెమటోడ్చి, నవ్వుకుంటూ ఇంటికి పోయే ఆట ఒకటి చూపించండి. నైస్మిత్ గారికి పద్నాలుగు రోజులు చాలాయి. మనకు విద్యాసంవత్సరం అంతా ఉంది.