త్యాగరాజస్వామి జీవితమున నిశ్చింతాతత్త్వము

శాంతమును నవమరసముగా అంగీకరించిన ఆలంకారికులలో దాని స్థాయిభావమును గూర్చి ఏకాభిప్రాయము లేదు. మమ్మటాచార్యుడు నిర్వేదమును స్థాయిగా గ్రహించెను. అభినవగుప్తపాదుడు తత్త్వజ్ఞానమే, అనగా ఆత్మస్వరూపమే, స్థాయి యని నిర్ణయించెను. లోకముపై విసుగు చెందినవాడే శాంతుడగునా, లేక ఇల్లు గడుపుకొనుచు, బిడ్డను పెంచుకొనుచు, కష్టసుఖముల నడుమ నిలిచియు శాంతుడు కావచ్చునా యను ప్రశ్న ఈ చర్చలో గర్భితమై యున్నది. దీనికి సమాధానము శాస్త్రగ్రంథములయందు కంటె ఒక గృహస్థుని జీవితమునందు స్పష్టముగా గోచరించును. ఆ గృహస్థుడు కాకర్ల త్యాగబ్రహ్మము.

ఆయన 1767వ సంవత్సరము మే 4వ తేదీన, సర్వజిత్తునామ సంవత్సరమున, పుష్యమీ నక్షత్రమున తిరువారూరున జన్మించెను. తండ్రి రామబ్రహ్మము, తల్లి సీతమ్మ. వారు ములకనాటి తెలుగు బ్రాహ్మణులు. తిరువారూరున వెలసిన స్వామి పేరే బిడ్డకు పెట్టిరి. ఆయన బాల్యముననే ఆ కుటుంబము కావేరీతీరమందలి తిరువైయారునకు, అనగా పంచనదక్షేత్రమునకు, తరలివచ్చెను. తంజావూరు నాయకరాజులును, వారి తరువాత మహారాష్ట్రప్రభువులును తెలుగును ఆదరించినందున అరవనాట తెలుగు సంగీతసాహిత్యములకు నిలయమేర్పడి యుండెను. త్యాగరాజునకు సంగీతవిద్య గరపిన శొంఠి వేంకటరమణయ్య తంజావూరు ఆస్థాన విద్వాంసుడు. కావున రాజాశ్రయమునకు మార్గము ఆయనకు మొదటినుండియు తెరచియే యుండెను.

చింతలకు కారణములు ఆయనకు తక్కువగా లేవు. తండ్రి గతించిన పిమ్మట అన్నదమ్ముల నడుమ ఇల్లు పంపకమయ్యెను. మొదటి భార్య పార్వతి చిన్నవయసుననే మరణించెను. అటుపై ఆమె చెల్లెలు కమలాంబను వివాహమాడి, సీతాలక్ష్మి యను కూతును బడసెను. తమ్ముడు విద్యను ధనముగా మార్చుకొనలేదని అగ్రజునకు అసంతృప్తి. ఆ కోపమున అగ్రజుడు పూజావిగ్రహములను కావేరిలో పడవేసెననియు, త్యాగరాజు కొంతకాలము వానికై వెదకి వెదకి కడకు పొందెననియు శిష్యపరంపర చెప్పును. బిలహరి రాగమందలి ఒక కృతిని సంప్రదాయము ఈ ఘట్టముతో ముడిపెట్టుచున్నది.

ఇట్టి సంసారమును ఆయన ఉంఛవృత్తితో నడపెను. ఈ పదమును కొంత విమర్శింపవలసి యున్నది. ధర్మశాస్త్రమున ఉంఛమనగా కోతయైన పొలమున రాలిన గింజలను ఏరుకొనుట. మహాభారత శాంతిపర్వము ఉంఛవృత్తి యుపాఖ్యానముతోనే ముగియుచున్నది. భజనసంప్రదాయమున ఆ పదమునకు అర్థము కొంత మారి, హరినామము పాడుచు వీథులలో తిరిగి, గృహస్థులు పాత్రలో వేసిన బియ్యమును గ్రహించుట యయ్యెను. రెండింటికిని సామాన్యధర్మము నిలువ లేకుండుట. మనువు చతుర్థాధ్యాయమున గృహస్థులను నలుతెఱగులుగా విభజించెను: గాదెనిండ ధాన్యము గలవాడు, కుండెడు ధాన్యము గలవాడు, మూడుదినములకు సరిపడ గలవాడు, రేపటికి ఏమియు లేనివాడు. చివరివానికి అశ్వస్తనికుడని పేరు. వీరిలో ముందువానికంటె వెనుకవాడు శ్రేష్ఠుడని మనువు తీర్పు. పొందనిదానిని పొందుట యోగము, పొందినదానిని కాపాడుట క్షేమము. అశ్వస్తనికునకు ఈ రెండు చింతలును తెల్లవారుటతో పుట్టి పొద్దుక్రుంకుటతో ముగియును. త్యాగరాజు ఎన్నుకొన్న జీవనము ఇదియే.

1798 నుండి 1832 వరకు తంజావూరును పాలించిన శరభోజి మహారాజు ఆయనను ఆస్థానమునకు పిలిచెననియు, ఆయన నిరాకరించెననియు ప్రసిద్ధి. నిధి సుఖకరమా, రామసన్నిధి సుఖకరమా యని మనస్సును విచారించు కల్యాణిరాగ కృతిని ఈ సందర్భమున పేర్కొందురు. రాజసేవ యందు అన్నమునకు లోటుండదు. కాని ప్రభువు మెప్పుదల రేపు నిలుచునో లేదో యను శంక దినదినము వెంటాడును. ఉంఛవృత్తిలో ఆ శంకకు తావు లేదు.

అంతమాత్రమున ఆయన లోకమును రోసిన విరాగి యనరాదు. శాంతము లేక సౌఖ్యము లేదను భావమును సామరాగమున పాడిన ఆయనయే ఇతర కృతులలో రాముని నిలదీసెను, అలిగెను, ఎత్తిపొడిచెను, కన్నీరు పెట్టెను. నౌకాచరిత్రమున గోపికల గర్వమును చమత్కారముగా చిత్రించెను. ప్రహ్లాదభక్తివిజయమున భక్తుని ఆర్తిని గానము చేసెను. నిర్వేదమొక్కటియే ఆయన హృదయమున స్థాయియై యుండిన ఇన్ని భావములకు అందు చోటుండెడిది కాదు. ఎడముగా గ్రుచ్చిన రత్నముల నడుమ తెల్లని దారమువలె ఆత్మ ఇతరభావముల నడుమ ప్రకాశించునని అభినవగుప్తుడు వివరించెను. త్యాగరాజునందు కోపమును, శోకమును, హాసమును రత్నములుగా నుండ, శాంతి సూత్రమై యుండెను.

ఆయన కల్పనాశక్తికిని ఈ నిశ్చింతకును గల సంబంధము సంగతులలో తేటపడును. కృతియందు ఒకే పాదమును మరల మరల గ్రహించి, ప్రతి పర్యాయమును రాగముయొక్క మరియొక ముఖమును చూపుట సంగతి. దీనిని క్రమముగా పెంపొందించిన కీర్తి ఆయనకే చెల్లును. ఒక పాదమున ఇంతసేపు నిలుచుటకు మనస్సు మరెచ్చటికిని పరుగెత్తకుండవలెను. నేడు లభ్యమగు సుమారు 700 కృతులును, నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగములందలి ఘనరాగపంచరత్నములును అట్టి అవ్యగ్రచిత్తమునకు ఫలములు.

అయితే ఒకరి నిశ్చింత వెనుక ఇతరుల శ్రద్ధ యుండునని మరువరాదు. తెచ్చిన బియ్యమును వండి శిష్యులకును వడ్డించిన ఇల్లాలు, పాత్రలో పిడికెడు వేసిన ఊరివారు, పాడినదానిని వెంటనే నేర్చిన శిష్యులు లేనిచో ఆ గానము కావేరీతీరముననే అణగిపోయెడిది. తన రచనల క్షేమమును సైతము ఆయన తలపెట్టుకొనలేదు. వాలాజాపేట వేంకటరమణ భాగవతరు, ఆయన కుమారుడు కృష్ణస్వామి భాగవతరు వానిని వ్రాసి కాపాడిరి. ఉమయాళ్‌పురము, తిల్లస్థానము శిష్యపరంపరలు వానిని కంఠమున నిలిపినవి. నిశ్చింతుడు కృతజ్ఞుడు కూడ కావలెనను ధర్మము దీనివలన సిద్ధించుచున్నది.

1845లో కమలాంబ పరమపదించెను. త్యాగరాజు తన తుదిదినములలో మాత్రమే సన్న్యాసమును స్వీకరించి, 1847 జనవరి 6న, పరాభవనామ సంవత్సర పుష్య బహుళ పంచమినాడు సిద్ధిపొందెను. శాంతికి గృహత్యాగమే సాధనమైనచో ఆయన దానిని యౌవనముననే స్వీకరించి యుండును. రచనలు దాదాపుగా అన్నియు గృహస్థాశ్రమమున ముగిసిన పిమ్మటనే కాషాయము ధరించుట మన ప్రశ్నకు ప్రబలమైన సమాధానము. కాలక్రమమున శిథిలమైన ఆయన సమాధిస్థలమున బెంగుళూరు నాగరత్నమ్మ తన సొమ్ముతో ఆలయము కట్టించగా, 1926లో ప్రతిష్ఠ జరిగెను. ఏటేట పుష్య బహుళ పంచమినాడు అచట విద్వాంసులు పంచరత్నములను ఏకకంఠముగా గానము చేయుచున్నారు. రేపటికి గింజ దాచనివాని గానము తరతరములకు తరుగని పంటయయ్యెను.