ఎడ్మండ్ రైస్

ఐర్లండు దేశమున కాలన్ గ్రామసమీపమున 1762వ సంవత్సరము జూను 1వ తేదీన ఎడ్మండ్ రైస్ ఒక రైతు కుటుంబమున జన్మించెను. ఆనాడు కథోలిక మతస్థులపై కఠిన శాసనములు అమలులో నుండెను. కథోలికుడు బడి నడపుట నేరము! కావున పొదలచాటునను, పాకలలోను పంతుళ్లు రహస్యముగ చదువు చెప్పుచుండిరి. ఈ శాసనము 1782లో కొంత సడలినను, పేదబిడ్డలకు చదువు అందని మ్రాని పండుగనే యుండెను.

యుక్తవయస్సున ఎడ్మండు వాటర్‌ఫర్డ్ రేవుపట్టణము చేరి, తండ్రి సోదరుని వద్ద వ్యాపారము నేర్చెను. ఓడలకు ఆహారపదార్థములు సమకూర్చు వ్యాపారమది. అందు విశేషధనము గడించెను. వివాహమాడెను. కాని 1789లో భార్య మరణించెను. మిగిలినది ఒక పసికూన. ఆ శిశువును దుర్బలురాలే.

దుఃఖితుడై, మఠము చేరి శేషజీవితమును ప్రార్థనలో గడపవలెనని ఆతడు తలంచెను. అంతలో రేవువీధులలో చదువు సంధ్యలు లేక, పోట్లాడుచు తిరుగు బాలురు ఆతని కంటబడిరి. మఠమున కూర్చుండుటకంటె వీరికి అక్షరములు నేర్పుట మేలని నిశ్చయించెను. నిశ్చయించుట సులభమే, గడించినదానిని విడుచుట కష్టము. భార్య పోయిన పదమూడేండ్లకు గాని ఆతని బడి వెలయలేదు. కుమార్తె పోషణకు ఏర్పాటు గావించి, 1802లో ఒక గుఱ్ఱపుసాలలో పాఠములు ప్రారంభించెను.

జీతమునకు కుదిరిన ఉపాధ్యాయులు బాలుర అల్లరికి తాళలేక వెడలిపోయిరి. అప్పుడు స్వగ్రామమునుండి ఇరువురు యువకులు వచ్చి, జీతము కోరక తోడ్పడిరి. పిదప మౌంట్ సయన్ అనుచోట క్రొత్తబడి కట్టించి, దాని చెంతనే రొట్టెల భట్టీని, కుట్టుపనిశాలను నెలకొల్పెను. ఆకలిగొన్నవానికి, చలికి వడకువానికి ఏ పాఠము తలకెక్కును? పగలు చదివి, రొట్టె తిని, చినుగని చొక్కా తొడిగి బాలురు సాయంకాలమున ఇండ్లకు మరలుచుండిరి. రుసుము లేదు. బెత్తము వాడుట కడు అరుదు. ఆతని పేరు చెప్పుకొన్న తరువాతి తరములవారిలో కొందరు ఈ పద్ధతి తప్పి బాలురను హింసించిరని 2009లో ఐర్లండు విచారణసంఘము వెల్లడించినది.

1808లో రైసును, సహచరులును సన్న్యాసవ్రతము పూనిరి. 1820లో పోపుగారి ఆమోదము లభించినది. డబ్లిన్ నగరమున వారి పాఠశాలకు 1828లో ప్రజానాయకుడు డేనియల్ ఓకానల్ శంకుస్థాపన చేసెను. మరుసటి యేట పార్లమెంటు కథోలికులకు హక్కులిచ్చుచునే, ఇట్టి సన్న్యాసి సంఘములను అణచు నిబంధనలను గూడ చేర్చెను! అవి అమలు జరుగలేదు, బడులు నిలిచినవి.

1838లో రైస్ అధ్యక్షపదవి విడిచెను. 1844 ఆగస్టు 29వ తేదీన, తాను కట్టించిన మౌంట్ సయన్‌లోనే కన్నుమూసెను.