నీటి ఎదురుబలమును కొలిచిన జౌల్

మన పెడనలో కలంకారీ వస్త్రములను పెద్ద రాగి పాత్రలలో రంగుతో ఉడికించుచు కర్రతో త్రిప్పుదురు. ఎంత బలము పట్టునో వారి చేతులకు తెలియును. అదే పనికి మోటారు బిగించవలెనన్నచో చేతి అంచనా చాలదు; అంకె కావలెను. అట్టి అంకెను ఓర్పుతో కొలిచిన మహనీయుడు జేమ్స్ ప్రెస్కాట్ జౌల్.

ఆయన 1818 డిసెంబరు 24న ఇంగ్లండులోని సాల్ఫర్డులో, బీరు తయారుచేయు వ్యాపారి యింట జన్మించెను. విశ్వవిద్యాలయపు గడప తొక్కలేదు. జాన్ డాల్టన్ వద్ద గణితము నేర్చి, కుటుంబ వ్యాపారము చూచుకొనుచునే ప్రయోగములు సాగించెను.

పని ఉష్ణముగా మారునని రుజువు చేయుటకు, నీరు నింపిన పాత్రలో రెక్కల చక్రమును అమర్చి, దిగుచున్న బరువులతో దానిని త్రిప్పెను. నీరంతయు చక్రముతోపాటే తిరిగిపోకుండ లోపల కదలని పలకలు నిలిపెను. నేటి మిక్సింగ్ ట్యాంకుల గోడలకు పలకలు బిగించుటయు ఇందుకే. 1845లో దీనిని వివరించినపుడు పండితులు అంతగా చెవినిడలేదు. 1847లో ఆక్స్‌ఫర్డు సభలో యువకుడైన విలియం థామ్సన్ దీని విలువను గుర్తించెను. 1850లో ప్రకటించిన ప్రయోగములలో బరువులను ఇరువది మారులు దింపినను నీటి వేడి పెరిగినది సుమారు అర డిగ్రీ ఫారెన్‌హీటు మాత్రమే!

1878లో ప్రకటించిన ప్రయోగమునకు పాత్రనే స్వేచ్ఛగా తిరుగునట్లు నిలిపెను. రెక్కలు తిరుగగా పాత్రయు తిరుగజూచెను. దానిని కదలనీయక త్రాళ్లతో పట్టియుంచిన బరువును, త్రాడు చుట్టిన వృత్తపు వ్యాసార్ధముతో హెచ్చించిన టార్క్, అనగా త్రిప్పుబలము, లభించును.

టార్క్‌ను కోణీయ వేగముతో హెచ్చించిన సామర్థ్యము వచ్చును. 1.5 కిలోవాట్ల మోటారు నిమిషమునకు 1440 చుట్లు తిరుగునపుడు ఇచ్చు టార్క్ సుమారు 10 న్యూటన్ మీటర్లే. గేర్లతో 60 చుట్లకు తగ్గించిన, నష్టములను విడిచి, సుమారు 240. నీరు సుడులు తిరుగుచు కలియునపుడు వేగము రెట్టింపైన టార్క్ నాలుగు రెట్లు, సామర్థ్యము ఎనిమిది రెట్లు కావలెను. ఇది లెక్కింపక ఊహతో మోటారు బిగించినచో తీగచుట్ట కాలిపోవును.

1889 అక్టోబరు 11న జౌల్ కన్నుమూసెను. సేల్‌లోని ఆయన సమాధి శిలపై 772.55 అని చెక్కియున్నది. ఒక పౌను నీటిని ఒక ఫారెన్‌హీటు డిగ్రీ వేడిచేయుటకు కావలసిన పనికి, అడుగు పౌనులలో, ఆయన 1878 నాటి కొలత అది. నేటి విలువ సుమారు 778. తేడా నూటికి ఒక పాలు లేదు.

మన విద్యార్థులు ప్రయోగశాలలో ఉష్ణమును కొలుచునపుడు, చివరి అంకెను ప్రక్కవారి పుస్తకమునుండి ఎక్కించుకొనక, తామే కొలిచి వ్రాయుదురని ఆశించుచున్నాము.