గాస్టన్ ప్లాంటే: విద్యుత్తును నిల్వచేసిన శాస్త్రజ్ఞుడు

విద్యుత్తును ఉత్పత్తి చేయడం ఒక ఎత్తు. దానిని దాచుకొని, కావలసినప్పుడు తీసుకొనడం మరొక ఎత్తు. ఈ రెండవ కార్యాన్ని సాధించిన గాస్టన్ ప్లాంటే 1834 ఏప్రిల్ 22వ తేదీన ఫ్రాన్సు దేశపు నైరుతి ప్రాంతంలోని ఆర్థెజ్ పట్టణంలో జన్మించాడు. 1854లో పారిస్‌లోని కన్సర్వేటరీ ఆఫ్ ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్‌లో భౌతికశాస్త్ర సహాయకుడుగా చేరాడు. మరుసటి ఏడే పారిస్ సమీపంలో, ఎగురలేని ఒక ప్రాచీన బృహత్పక్షి శిలాజాన్ని కనుగొన్నాడు. దానికి ఆయన పేరిటనే గాస్టోర్నిస్ అని నామకరణం చేశారు. ఇరవై ఒక్క ఏండ్ల యువకునికి ఆ కీర్తి చాలేది. ఆయన మాత్రం విద్యుత్తు వైపు మరలాడు.

1859లో ప్లాంటే రెండు సీసపు రేకులను ఒకదానికొకటి తగలకుండా వేరుచేసి, చాపవలె చుట్టి, సజల సల్ఫ్యూరికామ్లంలో ముంచాడు. విద్యుత్తును పంపగా ఒక రేకుపై సీసపు డయాక్సైడు పొర ఏర్పడింది. పిమ్మట ఆ ఘటమే విద్యుత్తును తిరిగి ఇచ్చింది. అయితే ఆ పొర తగినంత దళసరి కావడానికి ప్రవాహ దిశను మార్చి మార్చి, నడుమ విరామమిస్తూ, వారాలు, నెలలు వేచియుండవలసి వచ్చేది. 1860లో తొమ్మిది ఘటాల మాలను ఫ్రెంచి విజ్ఞాన అకాడమీకి సమర్పించాడు.

ఆనాటికి ఉపయోగకరమైన డైనమో లేదు. రెండు బున్సెన్ ఘటాలు కలిసి ఇచ్చేది నాలుగు వోల్టులకు లోపే. అందుచేత ప్లాంటే తన ఘటాలన్నింటినీ సమాంతరంగా కలిపి నింపేవాడు. పిదప కమ్యుటేటరును త్రిప్పి, వాటినే శ్రేణిలో కలిపి అధిక వోల్టేజిని పొందేవాడు. ఈ ఉపాయంలో మరొక సుగుణమున్నది. కాలువతో కలిపిన చెరువులలో నీటిమట్టం సమమైనట్లు, సమాంతర ఘటాలు ఒకే వోల్టేజికి వస్తాయి. శ్రేణిలో అట్లు కాదు. అన్నింటి గుండా ఒకే ప్రవాహం పోతుంది. బలహీనమైన ఘటం ముందుగా అడుగంటుతుంది, నింపునప్పుడు ముందే నిండినది అతిగా నిండి చెడుతుంది. ఇండ్లలోని ఇన్వర్టరుకు పాత బ్యాటరీ సరసన కొత్తదానిని శ్రేణిలో కలిపితే కొత్తది కూడా త్వరగా పాడయ్యేది ఇందుకే.

1877లో ఆయన అభ్రకం, తగరపు రేకులతో కండెన్సర్లు చేసి, చేతితో త్రిప్పే కమ్యుటేటరును అమర్చాడు. 800 ఘటాల మాలతో కండెన్సర్లను సమాంతరంగా నింపి, క్షణంలో శ్రేణిలోనికి మార్చగా దీర్ఘమైన విద్యుత్ స్ఫులింగాలు వెలువడ్డాయి. దీనికి రియోస్టాటిక్ యంత్రమని పేరు.

నేటి విద్యుత్ వాహనాలలో లిథియం ఘటాలు పెద్ద సంఖ్యలో శ్రేణిలో ఉంటాయి. వాటిని సమం చేయడానికి ఒక పద్ధతి, ఎక్కువ నిండిన ఘటంలోని అదనపు విద్యుత్తును నిరోధకంలో వేడిగా వదిలివేయడం. ఇది సులభమే గాని దుబారా. మరొక పద్ధతిలో ట్రాన్సిస్టర్ స్విచ్చులు ఒక కండెన్సరును ముందు ఎక్కువ నిండిన ఘటానికి, వెంటనే తక్కువ నిండినదానికి కలుపుతాయి. సెకనుకు వేలసార్లు ఈ మార్పిడి జరిగి హెచ్చుతగ్గులు తగ్గుతాయి. రెండు బ్యాటరీ మాలల నడుమ కూడా ఇట్లే చేయవచ్చును. ఈ సమీకరణాన్ని ప్లాంటే తలపెట్టినాడనడం అతిశయోక్తి. కండెన్సరును ఒక సంధానంలో నింపి, స్విచ్చు మార్చి, మరొక సంధానంలో ఖాళీచేయడం మాత్రం ఆయన చేతిచక్రం చేసిన పనే.

1879లో తన పరిశోధనలను గ్రంథరూపంలో వెలువరించాడు. 1881లో కామిల్ ఫోర్ సీసపు పలకలకు సీసపు ఆక్సైడు ముద్దను పూసి, నెలల తరబడి నిరీక్షణను తప్పించాడు. అటుపిమ్మట ఈ ఘటాలు కర్మాగారాలలో విరివిగా తయారుకాసాగాయి. ప్లాంటే 1889 మే 21వ తేదీన, పారిస్ చెంత బెల్‌వ్యూలో, 55వ ఏట మరణించాడు.