పావులూరి మల్లన: మన పాత లెక్కల మాస్టారు

ఈ ఏటి సంచికకు గణితశాఖ తరఫున ఏదైనా వ్రాయమని విద్యార్థి సంఘం వారు అడిగారు. సిద్ధాంతాలు వ్రాస్తే పేజీ తిప్పేస్తారని నాకు తెలుసు. అందుకని ఒక లెక్కల మాస్టారి జీవితం చెబుతాను. ఆయన పోయి వందల ఏళ్ళయింది. అయినా నేను లెక్చరరునైన తర్వాత నాకు పాఠం నేర్పాడు. ఆయనే పావులూరి మల్లన.

ఆయన నాకెలా గురువయ్యాడో ముందు చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో విద్యార్థులను వెంటబెట్టుకొని ఎన్.ఎస్.ఎస్. క్యాంపుకు నాగర్‌కర్నూల్ వైపు ఒక పల్లెకు వెళ్ళాను. సాయంత్రం బడి ఆవరణలో మహిళా సంఘం వాళ్ళు, పల్లి రైతులు కూర్చున్నారు. బోర్డు మీద అసలు, కాలం, రేటు అని సూత్రం వ్రాసి, పదివేలకు మూడు చొప్పున ఏడాదికి వడ్డీ మూడు వందలని తేల్చాను. అందరూ నవ్వారు. ఒకామె లేచి, అంత చవక అప్పు ఎక్కడ దొరుకుతుందో చెబితే ఇప్పుడే పోయి తెచ్చుకుంటానన్నది. ఆ ఊళ్ళో మూడు రూపాయల వడ్డీ అంటే నూటికి నెలకు మూడు. ఏడాదికి మూడువేల ఆరువందలు. నా జవాబు పన్నెండో వంతు! సూత్రం తప్పు కాదు. వాళ్ళ మాటలో మూడంటే ఏమిటో నేను అడగలేదు, అంతే.

ఆ రాత్రి బడి వరండాలో పడుకొని ఆలోచిస్తుంటే, చదువుకునే రోజుల్లో మా సారు ఒకసారి చెప్పిన మల్లన పేరు జ్ఞాపకం వచ్చింది. తిరిగి వచ్చాక ఆయన గురించి వెతికి చదివాను.

మన పాలమూరు సరిహద్దు దాటి పడమటకు పోతే, నేటి కలబురగి జిల్లాలో మళఖేడ్ ఉంది. ఒకప్పుడు అది రాష్ట్రకూటుల రాజధాని మాన్యఖేటం. తొమ్మిదో శతాబ్దంలో అక్కడి రాజు అమోఘవర్షుణ్ణి కొనియాడుతూ మహావీరాచార్యుడనే జైన పండితుడు సంస్కృతంలో గణితసారసంగ్రహం వ్రాశాడు. ఋణసంఖ్యకు వర్గమూలం ఉండదని అందులో స్పష్టంగా చెప్పాడు. వడ్డీ లెక్కలూ చాలా ఉన్నాయి. చిత్రమేమిటంటే, వాటిలో రేటు నూటికి నెలకు ఇంత అనే ఉంటుంది. అంటే ఆ పల్లెలో నన్ను చూసి నవ్వినామె లెక్క పాతపద్ధతి లెక్కే. కొత్తగా నేర్చుకోవలసింది నేను.

ఈ గ్రంథాన్ని మల్లన తెలుగులోకి తెచ్చాడు. ఆయన వంశానిది కమ్మనాటి పావులూరు, నేటి బాపట్ల జిల్లా ఇంకొల్లు దగ్గరి ఊరు. తాత పేరు కూడా మల్లనే. ఆ తాతకు రాజరాజనరేంద్రుడు పిఠాపురం దగ్గర నవఖండవాడ గ్రామాన్ని ఇచ్చాడని మనవడే చెప్పుకున్నాడు. అదే రాజు కొలువులో నన్నయ భారతం మొదలుపెట్టాడని మనకు తెలుసు. తెలుగులో కావ్యం అప్పుడప్పుడే నడక నేర్చుకుంటున్నది. ఇక శాస్త్రం వ్రాయడమంటే మాటలా? సంస్కృతం బాగా వచ్చిన మల్లన హాయిగా సంస్కృతంలోనే వ్రాసి పండితుల మెప్పు పొందవచ్చు. కాని తెలుగు పద్యాలలో లెక్కలు కట్టాడు. మనకు దొరికిన తెలుగు శాస్త్రగ్రంథాలలో మొదటిది ఇదేనంటారు. జనం దాన్ని పావులూరి గణితం అన్నారు.

ఉన్నదున్నట్టు మాత్రం దించలేదు. మల్లన శివభక్తుడు. మూలంలోని జైన ఉదాహరణల చోట తనకూ తన చదువరులకూ తెలిసిన శివపూజలు పెట్టాడు. పద్ధతి మారలేదు, ఉదాహరణ మారింది. తాటాకు మీద వ్రాసుకునే రోజుల్లో పద్యమైతే నోటికి వస్తుంది. చదరంగం గళ్ళలో ఒకటి, రెండు, నాలుగు అని రెట్టింపు చేస్తూ పోతే అరవై నాలుగు గళ్ళకూ కలిపి వచ్చే మొత్తం 18446744073709551615. ఈ ఇరవై అంకెలనూ ఇమిడ్చిన ఒక పద్యం ఆయన పేర ప్రసిద్ధం. చంద్రుడంటే ఒకటి, వేదాలంటే నాలుగు, బాణాలంటే ఐదు, ఆకాశమంటే సున్న. ఒకట్ల స్థానం నుంచి అంకెలు వేసుకుంటూ పోవాలి. నేను కాగితం మీద వేసి చూశాను. ఒక్క అంకె తప్పిపోలేదు!

లెక్చరర్లకు పునశ్చరణ తరగతులుంటాయి. నేనూ వెళ్ళాను, కొత్త విషయాలు నేర్చుకున్నాను. అవి అవసరమే. కాని మల్లన నేర్చుకున్నది రెండు వైపుల నుంచి. మహావీరుని దగ్గర శాస్త్రం, తన చుట్టూ ఉన్నవారి దగ్గర భాష. మొదటిది నాకు ఎంతో కొంత ఉంది. రెండోది ఆ పల్లెలో మొదలైంది.

మరుసటేడు అదే ఊరికి వెళ్ళి ముందు ప్రశ్నలు అడిగాను. పల్లికాయ కోయగానే అమ్మి అప్పు తీర్చాలా, మూడు నెలలు దాచాలా అని ఆమే అడిగింది. మూడు రూపాయల వడ్డీ మూడు నెలలకు నూటికి తొమ్మిది. ధర అంతకు మించి పెరుగుతుందనుకుంటేనే దాచడం లాభం. ఈసారి ఎవరూ నవ్వలేదు. పక్కనున్న ముసలాయన, ఎండితే తూకం తగ్గుతుంది గదా సారూ, అది కూడా కలపమన్నాడు. కలిపాం.

ఇప్పుడు నా క్లాసులో గద్వాల పిల్లలు మగ్గం మీది పోగుల లెక్క తెస్తారు. వనపర్తి పిల్లలు మార్కెట్ యార్డులో తూకం, తరుగు వ్రాసుకొని వస్తారు. సెలవులకు ఊరికి పోయే విద్యార్థి మిత్రులకు నా మనవి ఒక్కటే. మీ ఇంట్లో అమ్మా నాయనా నోటితో చేసే లెక్క ఒకటి అడిగి, వ్రాసుకొని రండి. మల్లన చేసిన పని అక్కడి నుంచి మళ్ళీ మొదలుపెడదాం.