అండమాన్ తెగల విషాదాన్ని గ్రంథస్థం చేసిన పోర్ట్‌మన్

అండమాన్ ఆదిమ తెగల చరిత్రను సవివరంగా రచించిన బ్రిటిష్ అధికారిగా మారిస్ విడాల్ పోర్ట్‌మన్ ప్రసిద్ధుడు. అంటువ్యాధికి, బయటివారి రాకకు గల సంబంధాన్ని ఆయన దగ్గరగా చూశారు. ఆ ప్రమాదాన్ని కొనితెచ్చినవారిలో ఆయన కూడా ఒకరు.

ఇరవై ఏళ్లు నిండకముందే, 1879లో, ఆయన పోర్ట్‌బ్లెయిర్‌లో అండమానీయుల వ్యవహారాల బాధ్యత స్వీకరించారు. అప్పటికి రెండేళ్ల క్రితమే, 1877లో, గ్రేట్ అండమాన్ తెగలపై తట్టు వ్యాధి విరుచుకుపడింది. ఖైదీల స్థావరం 1858లో ఏర్పడగా, 1863 నుంచి ప్రభుత్వం నడిపిన వసతి గృహాలలో వివిధ తెగలవారు ఆహారం కోసం కలుసుకునేవారు. ఒంటిపై దద్దుర్లు కనిపించడానికి నాలుగు రోజుల ముందే తట్టు ఇతరులకు సోకుతుంది. ఆరోగ్యంగా కనిపించే మనిషి సైతం దానిని అడవిలోని తన వారికి చేరవేయగలడు. ఆ వ్యాధిని ఎన్నడూ ఎరుగని వారి శరీరాలలో రోగనిరోధక శక్తి లేదు. టీకా రావడానికి ఇంకా ఎనభై ఏళ్లకు పైగా ఉంది. గ్రేట్ అండమాన్ తెగలలో సగం నుంచి మూడింట రెండు వంతుల మంది ఆ వ్యాధికి బలయ్యారని పోర్ట్‌మన్ తరువాత అంచనా వేశారు.

అయినా 1880లో ఆయన సాయుధ బృందంతో నార్త్ సెంటినల్ దీవిలో అడుగుపెట్టి, ఒక వృద్ధ దంపతులను, నలుగురు పిల్లలను పోర్ట్‌బ్లెయిర్‌కు తీసుకువచ్చారు. వారు త్వరలోనే జబ్బుపడ్డారు. వృద్ధులిద్దరూ మరణించారు. పిల్లలను కానుకలతో తిరిగి దీవిలో దింపారు. వారితోపాటు ఏ రోగం అక్కడికి చేరిందో ఎవరికీ తెలియలేదు.

పోర్ట్‌మన్ దక్షిణ అండమాన్ భాషలపై 1898లో, తెగల చరిత్రపై రెండు సంపుటాలుగా 1899లో గ్రంథాలు వెలువరించారు. బయటివారి సాంగత్యం ఈ ప్రజలకు కీడే చేసిందని చివరకు అంగీకరించారు. 1901 జనగణనలో 625 మందిగా ఉన్న గ్రేట్ అండమానీయులు 1931 నాటికి 90 మందే మిగిలారు. వారి భాషలు ఒక్కొక్కటిగా అంతరించాయి. 1935లో పోర్ట్‌మన్ కన్నుమూశారు.

స్వతంత్ర భారత ప్రభుత్వం 1956లో ఆదిమ తెగల రక్షణ నిబంధనలు తెచ్చింది. నార్త్ సెంటినల్ సమీపానికి వెళ్లడం నేడు నిషిద్ధం. అయినా జారవాలు బయటివారితో కలవడం మొదలైన కొద్దికాలానికే, 1999లో, వారిలో తట్టు ప్రబలింది. 2020లో గ్రేట్ అండమానీయులలో పది మందికి కొవిడ్ సోకింది. వైద్యం అందుబాటులో ఉన్న తెగలకు టీకా, చికిత్స రక్షణనిస్తాయి. అవి చేరని సెంటినలీయులకు మాత్రం బయటివారు పాటించే దూరమే రక్ష.