సుబ్బారావు గారి నీలి రంగు

ఎల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు చెప్పగానే అందరికీ మందులే గుర్తొస్తాయి. ఫోలిక్ యాసిడ్, బోదకాలుకు ఇచ్చే హెట్రజాన్, అలా. నాకైతే వాటికన్నా ముందు ఆయన చేసిన ఒక రక్తపరీక్ష గురించి రాయాలనిపించింది. అది మన ఆడవాళ్ళకు బాగా దగ్గర విషయం.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. పదమూడో ఏట, యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు సంపాదిద్దామని కాశీకి బయల్దేరితే, తల్లి వెంకమ్మ గారు పట్టుకొచ్చి మళ్ళీ బళ్ళో వేశారు. మెట్రిక్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. (ఈ ముక్క మనలో కొందరికి ధైర్యం!) మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు గౌను వేసుకున్నారని సర్జరీ ప్రొఫెసరుకు కోపం వచ్చింది. ఎంబీబీఎస్ రాలేదు, ఎల్ఎంఎస్‌తో సరిపెట్టుకున్నారు. 1922లో మామగారి సాయంతో బోస్టన్ చేరి, రాత్రిళ్ళు ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడుగుతూ చదువుకున్నారు.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ గారితో కలిసి 1925లో రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి ప్రకటించారు. రక్తంలోంచి ప్రొటీన్ తీసేసి, మిగిలిన నీటిలో మాలిబ్డేట్ కలిపి, ఇంకో రసాయనం వేస్తే నీలి రంగు వస్తుంది. ఫాస్ఫరస్ ఎంత ఉంటే నీలం అంత చిక్కన. ఆ రంగును ముందే లెక్క తెలిసిన రంగుతో పోల్చి చూస్తారు. అంతే.

ఇందులో హార్మోన్ ఎక్కడుంది అంటారేమో. మెడలో థైరాయిడ్ వెనకాల బియ్యపు గింజంత గ్రంథులు నాలుగుంటాయి, పారాథైరాయిడ్ అంటారు. వాటి హార్మోన్ ఎక్కువైతే ఎముకల్లోని కాల్షియం రక్తంలోకి వచ్చేస్తుంది, ఫాస్ఫరస్ మూత్రంలో పోయి రక్తంలో తగ్గుతుంది. హార్మోన్ తక్కువైతే దీనికి తలకిందులు. ఆ హార్మోన్‌నే నేరుగా రక్తంలో కొలవడం 1963లో గానీ కుదరలేదు. బెర్సన్, రోజలిన్ యాలో, ఇంకొందరు కలిసి చేశారు. అందాకా దాదాపు నలభై ఏళ్ళు డాక్టర్లు కాల్షియం, ఫాస్ఫరస్ అంకెలు చూసే ఆ గ్రంథి సంగతి ఊహించేవారు. దొంగ కనబడకపోయినా అడుగుజాడలు చూసినట్టు.

ఈ గ్రంథి అతిగా పనిచేసే జబ్బు మగవాళ్ళకన్నా ఆడవాళ్ళలోనే ఎక్కువ, అందులోనూ ముట్లుడిగాక. మా పావగడ తాలూకాలో బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. అందుకని ఆడమనిషి నడుము నొప్పి, ఎముకల నొప్పి అంటే సగంమంది నీళ్ళ మీదకి తోస్తారు, మిగతా సగం వయసు మీదకి. నీళ్ళ తప్పు ఉన్నమాట నిజమే. కానీ పరీక్ష చేయించకుండా అన్నీ నీళ్ళవల్లే అని ఎలా తెలుస్తుంది? అవ్వలకైతే ఆ మాట కూడా ఎవరూ అడగరు.

తర్వాత ఆయన కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ కనుక్కున్నారు. 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్ళారు. మందులన్నీ అక్కడివే, వాటి గురించి చాలామంది రాశారు.

భార్య శేషగిరి గారి గురించి మాత్రం ఎవరూ పెద్దగా రాయరు, నాకది నచ్చదు. ఆయన వెళ్ళాక పుట్టిన కొడుకు ఏడాది నిండకుండానే పోయాడు. ఆవిడ ఇక్కడే ఎదురుచూశారు. 1948 ఆగస్టులో న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లో, 53 ఏళ్ళకే ఆయన చనిపోయారు. ఆ ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారి కూడా ఇండియాకి రాలేదు.